వెళ్ళిన రోజుకెంత?

పోయిన నెలలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి ఇరవై మూడేళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు చూస్తాడు. పటమటలో ఇద్దరు స్నేహితులతో కలిసి గది తీసుకుని ఉంటున్నాడు. "మావయ్యా, ఒక ఐదువేలు సర్దుతావా? జీతం రాగానే ఇచ్చేస్తా" అన్నాడు. ఎందుకురా అంటే, జిమ్‌లో చేరతాడట. ఏడాదికి 24,000 రూపాయలట, ఆఫర్‌లో 14,999కే ఇస్తున్నారట, ఆ ఆఫర్ ఆ రాత్రి పన్నెండింటితో సరి అట. వాడి దగ్గర పదివేలున్నాయి.

నేను డబ్బు పంపలేదు. "ఒరే, తెల్లారేసరికి ఆ జిమ్ ఎక్కడికీ పారిపోదు. ఆదివారం నేనే వస్తాను, ఇద్దరం వెళ్ళి చూద్దాం" అన్నాను. వాడు నొచ్చుకున్నాడు, ఫోన్ పెట్టేశాడు. ఆదివారం వెళ్ళి చూస్తే గుమ్మం పక్కన అదే ఆఫర్ బోర్డు. ఆఖరి తేదీ ఉన్నచోట మాత్రం కొత్త కాగితం ముక్క అంటించి ఉంది, నెలాఖరు వరకూ పొడిగించామని. వాడు ఆ కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. నేనేమీ అనలేదు.

జిమ్‌ల గురించి మాట్లాడే అర్హత నాకెలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. డబ్బు పోగొట్టుకుని వచ్చింది. 2019 జనవరి 2న నేనూ ఒక చోట ఏడాదికి చేరాను. షుగర్ అంచు మీద ఉంది, పొట్ట తగ్గించమని డాక్టరు గారు చెప్పారు. ఏడాది ఫీజు 12,000, చేరినందుకు మరో 1,000, రెండింటి మీదా అప్పట్లో 18 శాతం జీఎస్టీ. మొత్తం 15,340 రూపాయలు. కార్డు గీకి, రసీదు పర్సులో పెట్టుకుని మెట్లు దిగుతుంటేనే రెండు కిలోలు తగ్గినట్టనిపించింది.

మా వంటింట్లో గోడ క్యాలెండర్ ఉంటుంది. పాలు పోయించుకోని రోజున మా ఆవిడ అందులో సున్నా చుడుతుంది. జిమ్‌కి వెళ్ళిన రోజున నేను అదే గడిలో ఎర్ర పెన్నుతో గీత గీసేవాణ్ణి. జనవరిలో పద్నాలుగు గీతలు పడ్డాయి. మధ్యలో సంక్రాంతి అరిసెలు అడ్డం రాకపోతే ఇంకో నాలుగు పడేవేమో. ఫిబ్రవరిలో తొమ్మిది. మార్చిలో మూడు. మార్చి నెలలో నాలాంటి లెక్కలవాడు ఇల్లు చేరడమే గగనం, ఇక జిమ్ ఎక్కడ. ఉగాది పొద్దున్న మా ఆవిడ పచ్చడికి మామిడికాయ తరుగుతూ, "ఏవండీ, ఈ నెల మీ ఎర్ర గీతలు కనబడటం లేదే" అంది. ఆ తర్వాతి నెలల్లోనూ కనబడలేదు.

మొత్తం ఇరవై ఆరు గీతలు. 15,340 రూపాయల్ని 26తో భాగించండి. సరిగ్గా 590 వస్తుంది. అరగంట సైకిలు తొక్కి, పావుగంట డంబెల్స్ ఎత్తి, అద్దంలో నన్ను నేను చూసుకుని వచ్చినందుకు ప్రతిసారీ 590 రూపాయలు. అక్కడే నెలవారీ ఫీజు పన్నుతో కలిపి 1,770 ఉండేది. ఆ మూడు నెలలూ అలా కట్టుకుంటూ పోయి ఉంటే, చేరిక ఫీజుతో సహా 6,490తో పోయేది. 8,850 రూపాయలు మిగిలేవి.

మిగతా తొమ్మిది నెలల డబ్బు అడుగుదామని వెళ్ళాను. మేనేజరు చాలా మర్యాదగా కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, నా రసీదునే వెనక్కి తిప్పి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: కట్టిన సొమ్ము ఏ కారణం చేతనూ తిరిగి ఇవ్వబడదు. కింద సంతకం నాదే.

ఆంధ్రులు ఆరంభశూరులని మనవాళ్ళే ఒక మాట అంటుంటారు. విని విని మనం నమ్మేశాం కూడా. ఆ గుణం మన ఒక్కళ్ళ సొత్తు కాదని నాకు తర్వాత తెలిసింది. స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల లెక్కలు తీశారు. 7,752 మంది సభ్యులు, మూడేళ్ళ హాజరు. 2006లో అచ్చయింది ఆ వ్యాసం. దాని పేరు 'జిమ్‌కి వెళ్ళకపోవడానికి డబ్బు కట్టడం' అని. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు సగటున నెలకు నాలుగు సార్లే వెళ్ళారు. అంటే వెళ్ళిన ప్రతిసారీ 17 డాలర్ల పైచిలుకు పడింది. పదిసార్ల పాస్ కొనుక్కుంటే 10 డాలర్లకే లోపలికి వెళ్ళే వీలు అక్కడే ఉంది. రేపటి నుంచి తరచూ వస్తామనే అతివిశ్వాసమే దానికి ముఖ్య కారణమని ఆ ఇద్దరి అంచనా. ఆ వ్యాసం చదివాక నా 590 రూపాయల మీద దిగులు కాస్త తగ్గింది.

ఆ మేనేజరు మీద కూడా నాకు కోపం లేదు. లెక్కలవాణ్ణి గనక వాళ్ళ లెక్క నాకు తెలుస్తుంది. అద్దె, కరెంటు, ట్రైనర్ల జీతాలు, మెషిన్ల మీద తెచ్చిన అప్పు: పదిమంది వచ్చినా వందమంది వచ్చినా ఇవి కట్టాల్సిందే. పుస్తకంలో ఉన్న పేర్లన్నీ ఒక్క సాయంత్రం దిగితే నిలబడటానికి చోటుండదు. రానివాళ్ళ డబ్బుతోనే వచ్చేవాళ్ళకి ఏసీ తిరుగుతుంది. ఏడాదికి ఒకేసారి కడితే సగం ధరకే ఇస్తామన్నారంటే, మనం మధ్యలో మానేస్తామని వాళ్ళు ముందే అంచనా వేసుకున్నారని అర్థం. ఆ అంచనా తప్పని రుజువు చేయగలిగినవాళ్ళు ఏడాదికి కట్టచ్చు. కొత్తగా చేరేవాడి దగ్గర ఆ రుజువు ఇంకా లేదు కదా.

అందుకని మా వాడికి చెప్పాను. "ఏడాదికెంత, నెలకెంత, రోజుకెంత అని వాళ్ళు చెబుతారు. రోజుకి 41 రూపాయలే, టీ ఖర్చు సార్ అంటారు. నువ్వు వెళ్ళిన రోజుకెంత అని లెక్కేసుకో." అక్కడ నెలకైతే 2,000. 14,999ని 2,000తో భాగిస్తే ఏడున్నర. అంటే ఏడున్నర నెలలు మానకుండా వెళ్తే గాని ఆ ఆఫర్ వల్ల ఒక్క రూపాయి లాభం మొదలవదు. ఈలోగా వాడి ఉద్యోగం మారచ్చు, గది మారచ్చు, మా చెల్లెలు వాడికి పెళ్ళి కుదర్చచ్చు.

ఆ ఆదివారం మూడు జిమ్‌లు తిరిగాం. మొదటిది ఈ ఆఫర్ జిమ్. బెంజి సర్కిల్ దాటి మొగల్రాజపురం వైపు. అద్దాల మేడ, రెండంతస్తులు, ఆవిరి గది, జుంబా క్లాసు, అన్ని ఊళ్ళలోని బ్రాంచీల్లోకీ ప్రవేశం. బాగుంది, కాదనను. కానీ వాడు పనిచేసేది ఆటోనగర్‌లో, ఉండేది పటమటలో, జిమ్ ఆ రెండూ దాటి ఇంకా ముందుకి. సాయంత్రం ఏడింటికి బెంజి సర్కిల్ దాటడం ఎలా ఉంటుందో విజయవాడ శ్రోతలకి నేను చెప్పక్కర్లేదు. నా అనుభవంలో దూరమైన జిమ్‌ని మించిన ఖరీదైన జిమ్ లేదు. పని నుంచి ఇంటికొచ్చే దారిలో ఉంటే వెళ్తాం. ఒకసారి ఇంటికొచ్చి, లుంగీ కట్టుకుని, టీ తాగామా, ఇక ఆ రోజు గీత పడదు.

పైగా అన్ని బ్రాంచీలూ, ఆవిరి గదీ కొత్తవాడికి ఏం చేసుకోను? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది ఇంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఊపిరి వేగంగా ఆడే వ్యాయామం, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని. నడక రోడ్డు మీద ఉచితం. మిగిలిన ఆ రెండు మూడు రోజుల కండరాల పని కోసమే మనం డబ్బు కట్టేది.

రెండోది ఒక సెల్లార్‌లో. నెలకు 600. గాలి లేదు, బెంచీ రెగ్జిన్ చిరిగి స్పాంజీ బయటికొచ్చింది, ట్రైనర్ లేడు. వచ్చినంత వేగంగా బయటికొచ్చేశాం.

మూడోది పటమటలోనే, ఒక కిరాణా కొట్టు మీద మొదటి అంతస్తు. నెలకు 1,000, చేరినందుకు ఒక్కసారి 300. ఏసీ లేదు, నాలుగు పెద్ద ఫ్యాన్లున్నాయి. మధ్యాహ్నం మూసి ఉంటే కింద కొట్టాయన, "సాయంత్రం ఆరున్నరకి రండి, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది" అన్నాడు. ఆయన మాట బంగారం. జిమ్ చూడాలంటే మనం రోజూ వెళ్ళబోయే గంటలోనే వెళ్ళి చూడాలి. మధ్యాహ్నం మూడింటికి ఏ జిమ్ అయినా విశాలంగానే ఉంటుంది.

సోమవారం సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ వెళ్ళాం. పాతికమంది దాకా ఉన్నారు. రెండు ట్రెడ్‌మిల్స్‌లో ఒకటి పాడైంది, దాని మీద తుండుగుడ్డలు ఆరేశారు. నేను డంబెల్స్ అరల దగ్గరికి వెళ్ళాను. కొత్తవాళ్ళు చూడాల్సింది పెద్ద బరువులు కాదు, చిన్నవి. రెండున్నర కిలోలు, ఐదు, ఏడున్నర, పది: ఇవి జతలు జతలుగా ఉండాలి. చాలా చోట్ల ముప్ఫై కిలోలవి నిగనిగలాడుతుంటాయి, ఐదు కిలోల జతలో ఒకటి ఏ మూలకో దొర్లిపోయి ఉంటుంది. అలాగే బార్‌కి తగిలించే ప్లేట్లలో కిలోంబావువి, రెండున్నరవి ఉన్నాయా అని చూడాలి. మామూలు పొడవాటి ఒలింపిక్ బార్ ఒక్కటే 20 కిలోలు. దాని మీద అటో ఐదు ఇటో ఐదు తప్ప వేరే దారి లేకపోతే, కొత్తవాడు ఒక్కసారిగా పది కిలోలు పెంచాలి. నడుం పట్టేసేది అక్కడే. బాత్‌రూం కుళాయి తిప్పి చూశాను, నీళ్ళొచ్చాయి. మా వాడికి సిగ్గేసింది. "నీకేం తెలుస్తుందిరా, నెల తర్వాత ఆ కుళాయి విలువ" అన్నాను.

ట్రైనర్ యాభై దాటిన మనిషి. చేతిలో ఫోన్ లేదు, నాకు అదే పెద్ద సర్టిఫికెట్టులా కనిపించింది. ఒక కుర్రాడు బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీస్తుంటే, ఈయన పక్కన నిలబడి వాడి మడమల వంకే చూస్తున్నాడు. మడమ కాస్త లేవగానే "ఆపు, ప్లేట్లు తీసెయ్" అన్నాడు. ఆయన్ని చూస్తే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది, భారతదేశపు ఆడపిల్లల్లో మొట్టమొదటిది. ఆమె మొదలుపెట్టింది కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర, ఆవిరి గదులున్న చోట కాదు. ఒక బారు, కొన్ని ప్లేట్లు, మడమల వంక చూసే మనిషి. నేను డబ్బు కట్టమనేది ఆ మూడో దానికి.

ఇక్కడ పర్సనల్ ట్రైనింగ్ గురించి ఒక మాట. పెద్ద జిమ్‌లలో చేరగానే ఒంట్లో కొవ్వు శాతం కొలిచే మిషనెక్కిస్తారు, కాగితం చేతికిచ్చి మొహం దిగులుగా పెడతారు. పీటీ తీసుకోకపోతే లాభం లేదు సార్ అంటారు. నెల ఫీజుకి రెండింతలో మూడింతలో అది. మొదట నాలుగైదు రోజులు ఒక మనిషి దగ్గరుండి చెప్పడం నిజంగా అవసరమే. దానికి మూడు నెలల ప్యాకేజీ అక్కర్లేదు. ఫీజులోనే ఉన్న ట్రైనర్ ఆ నాలుగు రోజులూ చూపిస్తాడా అని ముందే అడగండి. చూపించననే చోట చేరకండి.

ఆ తర్వాత డబ్బా ప్రోటీన్ పొడి వస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, కండ పెంచడానికి ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలునని ఆ సంస్థే లెక్కకట్టింది. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల దాకా ఉంటుంది. పప్పు, పెరుగు, వేరుశనగలు మన ఇంట్లో ఎలాగూ ఉంటాయి. జిమ్ ఖర్చులో ఈ డబ్బా కూడా కలిపితే అది ఇక చవక జిమ్ కాదు.

రసీదు సంగతికొద్దాం. జిమ్‌ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, 2025 సెప్టెంబరు 22 నుంచి. 12,000 మీద 2,160 కట్టాల్సిన చోట ఇప్పుడు 600. పాత రేటే వేస్తుంటే అడగండి. అసలు రిజిస్ట్రేషనే లేని చిన్న జిమ్ పన్ను వసూలు చేయకూడదు. పన్ను వేశారంటే రసీదు మీద పదిహేను అక్షరాల, అంకెల జీఎస్టీ నంబరుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 37తో మొదలవుతుంది, తెలంగాణలో 36తో.

నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కోసుకునే ఆటోపే పెట్టమంటే, పెట్టకండి. కట్టిన ప్రతిసారీ చెయ్యి కదలాలి, 'పోయిన నెల ఎన్నిసార్లు వెళ్ళాను' అని మనసు అడగాలి. ఇప్పటికే పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లోకి వెళ్ళి మీరే తీసెయ్యచ్చు, జిమ్ వాళ్ళని బతిమాలాల్సిన పని లేదు. వడ్డీ లేని ఈఎంఐ అన్నా జాగ్రత్త. చాలాసార్లు అది జిమ్‌కి కట్టే వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద తీసిన అప్పు. జిమ్‌కి తాళం పడినా ఆ అప్పు నడుస్తూనే ఉంటుంది. జీవితకాల సభ్యత్వం అంటే మాత్రం, జీవితకాలం ఎవరిదని అడగండి, మనదా, జిమ్‌దా?

కొంత అలవాటు పడ్డాక మూడు నెలలకి కట్టేవాళ్ళు, మధ్యలో ఆపుకునే వీలుందా అని కనుక్కోండి. ఫ్రీజ్ అంటారు దాన్ని. అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు, పరీక్షలు, ఇంట్లో పెళ్ళి. ఆ రోజులు చివర్లో కలుపుతారా, లేదా? నోటిమాటగా చెబితే వాట్సాప్‌లో పెట్టమనండి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న సేవకి డబ్బు తిరిగి ఇవ్వబోమని మొండికేయడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. చెప్పిన మెషిన్లు పెట్టకపోయినా, చెప్పకుండా మూసేసినా అడిగే హక్కు మీకుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మీరుంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయచ్చు, కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అయితే నాలాగా బద్ధకించి మానేసినవాళ్ళకి ఈ చట్టం వల్ల ఉపయోగం లేదు. మన బద్ధకం వాళ్ళ సేవాలోపం కింద రాదు.

అక్కచెల్లెళ్ళకి ఒక మాట. చిన్న ఊళ్ళలో లేడీస్ బ్యాచ్ అని పొద్దున్న పదిన్నర నుంచి పన్నెండు వరకో ఎప్పుడో పెడతారు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి అది పనికిరాదు, ఫీజు మాత్రం అందరికీ ఒకటే. మీకు వీలయ్యే గంట ఉంటేనే కట్టండి, ఆ గంటలో ఆడ ట్రైనర్ ఉంటుందా అని పేరడిగి మరీ తెలుసుకోండి. ఆడైనా మగైనా, నలభై దాటినవాళ్ళు, బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకుని వెళ్ళండి.

వెయ్యి రూపాయలు కూడా బరువైతే మున్సిపల్ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లున్నాయి. వాటిలో మన ఒంటి బరువే బరువు, పెంచుకునే వీలుండదు. అయినా మొదటి రెండు నెలల అలవాటుకి అవి చాలు. మీ ఊళ్ళో ప్రభుత్వ స్టేడియం ఉంటే అందులో జిమ్ ఉందేమో, ఫీజెంతో ఒకసారి కనుక్కోండి. విజయవాడలో ఇండోర్ స్టేడియంకి దండమూడి రాజగోపాలరావు గారి పేరుంది. 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడి వేషం వేసిందాయనే. వేషానికి ముందే ఆయన బరువులెత్తడంలో పేరుమోసిన మనిషి. ఆ కండలు మేకప్‌తో వచ్చినవి కావు.

మా వాడు ఆ కిరాణా కొట్టు మీది జిమ్‌లో ఒక్క నెలకి చేరాడు. నా దగ్గర అప్పు తీసుకోలేదు. మా చెల్లెలు పంపిన గోడ క్యాలెండర్, ఒక ఎర్ర పెన్ను మాత్రం నేనే ఇచ్చి వచ్చాను. వాడు చేరి రేపటికి నెల. నిన్న గదికి వెళ్తే గీతలు లెక్కపెట్టాను, పదకొండున్నాయి. చేరిక ఫీజుతో కలిపి 1,300 రూపాయలు, వెళ్ళిన రోజుకి 118 పడింది. రెండో నెల నుంచి ఆ 300 ఉండదు.